సందుగ అడుగు చీర

కరీంనగర్‌లో క్యాథరిన్ బట్టల దుకాణం. మెట్‌పల్లి నుంచి పొద్దటి బస్సుకు వచ్చిన ఆమె బాపమ్మ సత్తవ్వ, కుట్టు మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది.

"అయితే గిదన్నట్టు దుకాణం."

"ఔ బాపమ్మ. ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. మా వాడకట్టుల దండెం తెగిపోతె గిట్లనే ఉంటది. గీ అంగీకి ఒక చెయ్యి నీలముంది, ఒక చెయ్యి ఎర్రగుంది. బట్ట తక్కువ వడ్డదా?"

"గది డిజైన్ బాపమ్మ. రెండు పాత అంగీలు కలిపి ఒకటి చేసిన."

"రెండు చెడగొట్టి ఒకటి చేసినవ్. మంచి లెక్కనే. హైదరాబాదుల ఫీజు కట్టించుకొని గదే నేర్పిండ్రా?"

"దీన్ని అప్‌సైక్లింగ్ అంటరు. పారేసే బట్టను పారెయ్యకుండ, దాన్ని ముందటికంటె మంచిగ..."

"బొంత."

"బొంత కాదు బాపమ్మ."

"పాత చీరలు ఒకదాని మీదొకటేసి కుడితె మా అవ్వ దాన్ని బొంత అన్నది. నువ్వు గదే మనిషికి తొడిగి ఇంగ్లీషు పేరు వెట్టినవ్. పేరు వెట్టినంక రేటు పెరుగుతది. గంతే గదా?"

"నీకు టీ చెప్పనా?"

"టీ తర్వాత. ముందుగాల నా చీర ముచ్చట చెప్పు."

"ఏ చీర?"

"సందుగల చీర."

"సందుగల శాన ఉండె గద. గీ ఆకుపచ్చదాంతోని సంచులు కుట్టిన, చూడు. గా పూల చీరతోని చిన్నపిల్లల గౌన్లు..."

"ఆకుపచ్చది సంచి అయినా గోనెసంచి అయినా నాకు ఫికర్ లేదు. తెల్లది."

"తెల్లదా..."

"తెల్లదే."

"తెల్లది కూడ ఉండెనా?"

"ఉండెనా అని నన్నడుగుతున్నవా? ఏటా ఎండకాలం షురూ కాంగనే దాన్ని తీసి ఎండకేసి, కొత్త డాంబరు గోళీలు పెట్టి మల్ల మెత్త గలీబుల చుట్టి పెడుత. మొన్న సందుగ తెరిస్తె గలీబు ఉన్నది, గోళీలు ఉన్నయ్, చీర లేదు. దొంగలు గోళీలు ఇడిసిపెట్టి పోతరా?"

"బాపమ్మ, నువ్వే తీస్కపొమ్మన్నవ్ గద. పోయిన పండుగకొచ్చినప్పుడు, 'సందుగల పాతయి ఉన్నయ్, తీస్కపోయి ఏమన్న చేస్కో' అని."

"అన్న. పాతయి తీస్కపొమ్మన్న. బాయి తవ్వినట్టు అడుగు దాక తవ్వుకపొమ్మన్ననా? గా గిన్నెలమ్మెటామె నయం. పాత బట్టలు తీస్కపోయినా ఒక స్టీలు గిన్నెన్న ఇచ్చి పోతది."

"ఎండల వచ్చినవ్. జర నీళ్ళు తాగు."

"గోడ దిక్కు ఎందుకు చూస్తున్నవే? గోడల ఉన్నదా నా చీర?"

"లేదు, గోడల ఎందుకుంటది..."

"గీ బొమ్మకు తలకాయ ఏమైంది?"

"దుకాణాల బొమ్మలకు తలకాయలుండయి బాపమ్మ. నువ్వు ఇటు తిరిగి కూసో. ఫ్యాను గాలి ఇటొస్తది."

"తలకాయ లేనిదానికి గింత మంచి గౌను తొడిగినవ్. తలకాయ ఉన్నోళ్ళకేమో రెండు రంగుల చేతులు. పెండ్లి గౌనా?"

"ఔ."

"మంచిగుంది. బట్ట కూడ మంచిది. గీ పక్క కుట్లల్ల గింత బట్ట ఎందుకు దాసినవ్?"

"పెండ్లి దగ్గరికొస్తుంటె పిల్లలు ఒకలు సన్నవడ్తరు, ఒకలు లావైతరు. అందుకే పక్కలకు బట్ట ఇడువాలె. అవసరమైతె కుట్టు ఇప్పి వదులు చెయ్యొచ్చు. బాపమ్మ, ముట్టకు, చేతులకు చెమట..."

"నా చీర నేను ముట్టొద్దా?"

"...ఎప్పుడు గుర్తు పట్టినవ్?"

"లోపలికి అడుగు వెట్టంగనే. గీ నీలం గీత అంచు నేను అడిగి పెట్టించుకున్న. నువ్వు ఎంత సేపు తప్పించుకుంటవో చూద్దామని కూసున్న. మంచిగనే తప్పించుకున్నవ్. కత్తెర పెట్టినవా?"

"పెట్టిన."

"ఎన్ని ముక్కలు చేసినవ్?"

"బాపమ్మ..."

"చెప్పు. కోడిని కోసినంక కూర ఎంతైందో అడగొద్దా?"

"ఒక్క ముక్క పారెయ్యలే. ఒట్టు. మిగిలినయన్నీ గా డబ్బల దాసిన. మా పనిల ఏదీ పారెయ్యం."

"దేవునికి స్తోత్రం. చీర సచ్చిపోయింది గని బొక్కలన్నీ జాగ్రత్తగున్నయ్."

"నువ్వు కట్టుకుంటలేవు గద అనుకున్న. ఎన్నేండ్ల సందో అట్లనే పడి ఉన్నది. పాపం అనిపించింది."

"పాపం నేను గాదు, చీరనా?"

"రెండూ."

"గా మెడకాడ తాయెత్తు లెక్క ఏలాడుతుంది, గదేంది?"

"అది ట్యాగు. ఏం లేదు."

"ఏం లేనిదానికి గంత పెద్ద అక్షరాలా? సదువు. అద్దాలు మరిచిపోయొచ్చిన."

"తర్వాత సదువుత."

"ఇప్పుడు సదువు."

"నా దగ్గర ప్రతి బట్టకు దాని కథ రాసి కడుత. కొనేటోళ్ళకు గదే ఇష్టం. 'ఇది ఒక బాపమ్మ దాచుకున్న చీర. తన జీవితంలోని ఒక పెద్ద రోజు కోసం ఆమె దీన్ని ఏళ్ల తరబడి పదిలపరిచింది. ఆ రోజు ఎన్నటికీ రాలేదు...'"

"రాలేదా?"

"ఆఁ?"

"ఎన్నటికీ రాలేదని నీకెవలు చెప్పిండ్రు? వస్తది. గంత తొందరేమున్నది నీకు?"

"నువ్వే అన్నవ్ గద బాపమ్మ. నేను చిన్నగున్నప్పుడు గీ చీర ఎందుకని అడిగితె 'గది నా పెద్ద రోజుకే' అన్నవ్. అప్పుడు నాకేం తెలుసు, క్రిస్మస్‌కో, బాబాయి పెండ్లికో అనుకున్న. పెండ్లయిపాయె, నువ్వు కట్టుకోకపోతివి."

"మీ తాత ఏ రోజు కట్టిండే తెల్ల పంచె, తెల్ల అంగీ, తెల్ల రుమాలు, అన్నీ కలిపి?"

"తాత రోజూ రంగు లుంగీనే గద. తెల్లయి అయితె ఆఖరికి..."

"ఆఁ."

"ఆఖరికి పెట్టెల..."

"ఆఁ. ఇగ టీ చెప్పు."

"బాపమ్మ! ఇది మట్టి చీరనా?"

"జర మెల్లగ. తలకాయ లేని బొమ్మ ఇంటది."

"మట్టి చీర అని నోరు తెరిచి చెప్తె ఏమయ్యేది!"

"చెప్పనిస్తరా మీరు? నేను 'నేను పోయిన్నాడు' అని నోరు తెరుస్తె సాలు, మీ అవ్వ 'అట్లనకు అత్తమ్మా, అట్లనకు' అని ఉరికొచ్చి నోట్లె ముద్ద పెడ్తది. మీ బాపు టీవీ సప్పుడు పెంచుతడు. గియన్నిట్ల ఎప్పుడు చెప్పాలె? అందుకనే సందుగ అడుగున పెట్టుకున్న. అడగకుండనే అందరికి తెలుస్తదనుకున్న. మా కాలంల తెలుస్తుండె."

"అయ్యో. అయ్యో దేవా. నేను మట్టి చీరతోని పెండ్లి గౌను కుట్టిన."

"మంచిగనే కుట్టినవ్. నడుము కాడ కుచ్చిళ్ళు ముద్దుగున్నయ్. ఎవల పెండ్లి?"

"ప్రిసిల్ల. గీ ఊరి జేమ్స్ సారు బిడ్డ. హైదరాబాదుల నౌకరి. వచ్చే బేస్తారం పెండ్లి. ఇప్పుడే వస్తున్న అని మెసేజ్ పెట్టింది, తొడుక్కొని చూస్తదట."

"రానీ. నేను కూడ చూస్త."

"బాపమ్మ, నీ కాళ్ళు మొక్కుత. ఆమె ముందట ఏమనకు. ఇది నాకు మొదటి పెండ్లి పని. పెండ్లికి ఈ సంఘపోళ్ళు, మెట్‌పల్లి సంఘపోళ్ళు, కాగజ్‌నగర్ చుట్టాలు అందరొస్తరు. గౌను మంచిగుంటె ఇంకో నలుగురు వస్తరు. మట్టి చీరతోని కుట్టిందని తెలిస్తె నా దుకాణానికి..."

"మట్టి పెడ్తరు. ఫికర్ చెయ్యకు, బట్ట తయారుగనే ఉన్నది."

"ఎకసెక్కాలు ఆపు! నాకు ఏడుపొస్తుంది."

"నీకు ఏడుపు, నాకు ఎకసెక్కం. ఎవలకు ఏదొస్తె గది. నేను కూడ ఏడుస్తె ఇద్దర్ని ఎవలు ఊకుంచాలె?"

"నీకు కొత్తది తెచ్చిస్త. ఇయ్యాల్లనే. గసొంటి ఖద్దరే, గసొంటి నీలం అంచే."

"గసొంటిది దొరుకదు."

"ఎందుకు దొరుకదు? ఏమున్నది దాంట్ల?"

"ఏం లేదు. గదే దాని గొప్ప."

"అంటె?"

"నీకు సమజ్ గాదు తియ్యి. ఎవలో మెట్లెక్కుతుండ్రు."

"ఆమెనే. బాపమ్మ, ప్లీజ్."

"వందనాలు అక్కా!"

"వందనాలు ప్రిసిల్లా, రా రా. గీమె మా బాపమ్మ. మెట్‌పల్లి నుంచి వచ్చింది. ఇప్పుడే పోతుంది."

"ఎవలు పోతుండ్రు? బస్సులు రాత్రి దాక ఉన్నయ్. కూసో బిడ్డా. నువ్వు జేమ్స్ బిడ్డవంటె అబ్రహాం మనుమరాలివి."

"మా తాత మీకు తెలుసా అమ్మమ్మా?"

"తెలువకేం? సభలల్ల పాట అందుకుంటె ఆయన గొంతే పైకి ఇనపడేది. రాగం ఎటు పోయినా ఆయన ఇంకో దిక్కు పోతుండె."

"అవును, ఇప్పటికీ అంతే! ఒక్క నిమిషం... అక్కా, బాపమ్మ అంటే, ట్యాగులో ఉన్న బాపమ్మనేనా? ఈ చీర దాచుకున్న ఆమెనా?"

"కాదు, గది ఇంకో..."

"నేనే."

"అమ్మమ్మా! నాకు ఎంత సంతోషంగా ఉందో తెలుసా! మీతోని ఒక ఫోటో దిగాలె. గౌను పక్కన నిలబడండి. మా ఆఫీసులో అందరికీ మీ కథ చెప్పిన."

"నా కథ నాకంటె ముందుగాల మీ ఆఫీసుకు తెలిసింది. మంచిగుంది."

"నేను రెండేండ్ల నుంచి కొత్త బట్ట కొనలేదు అమ్మమ్మా. ఒట్టు పెట్టుకున్న."

"అయ్యో. మీ బాపుకు గంత కష్టమొచ్చిందా?"

"కష్టం కాదు! ఒక కొత్త అంగీ తయారు కావాలంటే ఎన్ని నీళ్ళు ఖర్చయితయో తెలుసా? మనం పారేసే బట్టలు గుట్టలు గుట్టలు పడి ఉంటున్నయి. అందుకే పెండ్లికి కూడా పాతదే అని పట్టుబట్టిన. పెండ్లి పత్రికతోని పాటు అందరికీ చెప్పిన, 'నా గౌను ఒక పాత చీరతోని' అని. అందరూ మెచ్చుకున్నరు."

"మీ అవ్వ?"

"మమ్మీ ఇంకా మాట్లాడుతలేదు."

"పాపం. ఆమెకు జర తెలుసన్నట్టు."

"ఏం తెలుసు?"

"పాతయి కట్టుకుంటె నన్ను కూడ ఎవలన్న మెచ్చుకుంటరేమో అని నేను ఎదురు చూసిన బిడ్డా. ఒక్కలు మెచ్చుకోలే. ఇంగ్లీషు రాకపాయె నాకు."

"ప్రిసిల్లా, లోపలికి రా, గౌను తొడుక్కొని చూద్దువు."

"ఆగు అక్కా. అమ్మమ్మా, ఒక్కటి అడుగుత. ఆ పెద్ద రోజు ఏంది? ట్యాగులో రాయలేదు. నేను చదివినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్న."

"గది బాబాయి పెండ్లి..."

"నువ్వు ఊకో పిల్లా. నన్నడిగింది."

"బాపమ్మ, టీ తాగుతవా?"

"ఇందాక అడిగితె తేలే, ఇప్పుడేం వద్దు. బిడ్డా, గది నా మట్టి చీర."

"మట్టి అంటే... ఖద్దరులో ఒక రకమా?"

"అందర్ని పెట్టే మట్టి ఒక్కటే రకం. బొందలగడ్డకు పోయేటప్పుడు కట్టుకునేది. పెట్టెల."

"పెట్టెలో... అక్కా?"

"ఒట్టు ప్రిసిల్లా, నాకు తెల్వది. నువ్వొచ్చే ముందుగాల్నే తెలిసింది. నీ పైసలు నీకిచ్చేస్త, వేరేది కుడుత, పండుకోకుండ కుడుత. ఎవలకు చెప్పకు."

"ఆగు అక్కా. నన్ను ఆలోచించుకోనీ... సరే. పరవాలేదు."

"పరవాలేదా?"

"దేవుని దగ్గరికి పోయేందుకు దాచుకున్న బట్ట. పెండ్లి కూడ దేవుని ముందటనే కదా. ఇంకా మంచి కథ ఇది. ట్యాగు మార్చి రాయి. మమ్మీకి మాత్రం చూపియ్యకు."

"జేమ్స్ బిడ్డకు ధైర్యమున్నది."

"ఒక్కటే డౌటు. అమ్మమ్మా, దీన్ని మీరు ఎన్నిసార్లు కట్టుకున్నరు?"

"మట్టి చీర ఎన్నిసార్లు కట్టుకుంటరు బిడ్డా? మా మెట్‌పల్లిల అయితె ఒక్కసారే."

"అంటే ఇప్పటిదాక ఒక్కసారి కూడా కట్టలేదా?"

"నీ ముందట కూసోని మాట్లాడుతున్న గద. ఇంకా కట్టలేదన్నట్టే."

"వేరే ఎవరూ కూడా?"

"ఎవలూ."

"అయితే ఇది... కొత్తదా?"

"కట్టనిది కొత్తదే గద బిడ్డా."

"అక్కా! నాకు కొత్త బట్టతోని కుట్టినవా?"

"ప్రిసిల్లా, అది ఏండ్ల కింద నేసింది. పాతదే..."

"ఎవరూ కట్టనిది పాతది ఎట్లయితది? దుకాణంలో గోడౌన్‌లో పడి ఉన్న చీర కూడ అంతే కదా! నేను అందరికీ ఏం చెప్పిన? ఒట్టు ఏం కావాలె?"

"చూసినవా క్యాథరిన్? మట్టి చీర అంటె పరవాలేదట. కొత్త చీర అంటె పరేషాన్ అయితుంది. సదువు అంటె గిట్ల ఉండాలె."

"నవ్వకండి అమ్మమ్మా. నాకు నిజంగా బాధైతుంది."

"నాకు కూడ నిజంగనే అయితుంది. కని నా బాధకు ట్యాగు లేదు."

"సరే, సరే. ఒక పని చేద్దాం. ఇది మీది. మీకు కావాలె. నేను బేస్తారం ఒక్కరోజు తొడుక్కుంట. పెండ్లి కాంగనే డ్రై క్లీన్ చేయించి మీకే ఇచ్చేస్త. ఒక్క బట్ట, ఇద్దరికి ఉపయోగం. పడేసేది ఏమీ లేదు. ఎట్లుంది?"

"మంచి మాట ప్రిసిల్లా! బాపమ్మ, ఆమె ఇచ్చినంక నేను కుట్లన్నీ ఇప్పి, మిగిలిన ముక్కలు కలిపి మల్ల చీర లెక్క చేసిస్త. అతుకులు కనబడనియ్య."

"వద్దు."

"ఎందుకు బాపమ్మ?"

"వద్దంటె వద్దు."

"ఒక్కరోజే కదా అమ్మమ్మా. మరక కూడా పడనియ్య."

"మరక గురించి కాదు."

"మరి?"

"పోనీ తియ్యి. తొడుక్కో. మంచిగుంటది నీకు."

"లేదు, చెప్పండి. మీరు చెప్పకపోతే నేను తొడుక్కోను."

"చెప్పు బాపమ్మ. నేను టీవీ సప్పుడు పెంచ. నోట్లె ముద్ద పెట్ట."

"...ఇండ్రి అయితె. నేను పుట్టంగనే నన్ను చుట్టింది మా మేనత్త చీర పేలిక. బడికి పోయేటప్పుడు క్రిస్మస్‌కు మిషన్ దొరసానమ్మ మూట ఇప్పేది. సీమ దేశంల ఏ పిల్ల ఇడిసిందో ఏమొ, గా గౌను నా మోకాళ్ళ కిందికి ఏలాడేది. మెడకాడ లోపల ఆ పిల్ల పేరు దారంతోని కుట్టి ఉండె. అందరి గౌన్లకు గోటు ఉంటె నా దానికి పేరు ఉండె. ఎవల పేరో సదువరాకపాయె నాకు."

"అయ్యో..."

"జర పెద్దగైనంక పటేలింట్ల పనికి కుదిరిన. పటేలమ్మ కట్టి కట్టి ఇడిసిన చీరలు నాయి. పండుగకు ఇస్తుంటె చేతులు చాపి తీస్కున్న. నా పెండ్లికి మా అక్క పెండ్లి చీర. మా అక్కకు మా చిన్నమ్మది. ఇప్పుడు గీ క్యాథరిన్ వాళ్ళవ్వ ఇడిసిన నైటీలు. పాతయి అయితె పాతయి, వద్దంటలేను. పెయ్యి కప్పినయి. కని ఏ బట్ట తొడుక్కున్నా నాకంటె ముందుగాల ఇంకొకామె అండ్ల కూసోని ఉండేది. నా మోచెయ్యి పెట్టే కాడ ఆమె మోచెయ్యి ముందుగాల్నే పెట్టి ఉండె."

"నాకు ఎప్పుడు చెప్పలే బాపమ్మ."

"నువ్వు దుకాణం పెట్టినంక చెప్పబుద్ధి కాలే. నీ పనే పాతయి గద, ఏమనుకుంటవో అని. గీ చీర నేను వడికిన నూలు. మెట్‌పల్లి ఖద్దరు కేంద్రంల నేను రాట్నం తిప్పుతుంటి గద, పని బందు చేసే ఏడాది నా నూలు నాకే కావాలని లొల్లి పెట్టి తెచ్చుకున్న. అక్కడి నేతగాడు ముత్తయ్య మగ్గం మీద నేసిచ్చిండు. ఇంటికి తెచ్చి మంచం మీద పరిచి చూసుకున్న. కట్టుకుందామనుకున్న. కట్టుకుంటె పాతదైతది గద అని కట్టుకోలే."

"అందుకని..."

"అందుకని పెద్ద రోజుకు అనుకున్న. బతికినన్ని రోజులు ఒకలు ఇడిసినయి కట్టిన, పోయేటప్పుడన్న ఎవలూ తొడగని బట్టల పోత అనుకున్న. ఇప్పుడు గీ పిల్ల ఒక్కరోజు తొడుక్కొని ఇస్తనంటుంది. మంచి మనసుతోనే అంటుంది. కని ఆఖరికి పెట్టెల కూడ నాకు ఒకలు ఇడిసిందే గదనే."

"సారీ అమ్మమ్మా. నాకు ఈ గౌను వద్దు. నిజంగా. ఇది మీ దగ్గరనే ఉంచుకోండి."

"ముక్కలు ముక్కలైనంక ఉంచుకొని ఏం చెయ్యాలె బిడ్డా? కత్తెర ఎనకకు తిరుగుతదా? ముసలిదాన్ని గౌనుల పండుకోబెడ్తరా? మీ తాత అబ్రహాం పాట మరిచిపోయి నవ్వుతడు."

"బాపమ్మ, నాది తప్పయింది. ఏం చెయ్యమంటె గది చేస్త."

"ఏం చెయ్యమన్నా చేస్తవా?"

"చేస్త."

"టేపు తియ్యి."

"టేపా?"

"కొలత తీసే టేపు. నా నడుముకు చుట్టు. గట్టిగ గాదు, ఊపిరి తీస్కోవాలె. ఎంతొచ్చింది?"

"ఆగు... గౌను కంటె మస్తు ఎక్కువ ఉన్నది."

"పక్క కుట్లల్ల బట్ట దాసిన అన్నవ్ గద. సరిపోతదా?"

"రెండు దిక్కుల పూర్తిగ ఇప్పితె... సరిపోతది. అంచు అంచున. ఎందుకు బాపమ్మ?"

"ఇప్పు."

"నువ్వు తొడుక్కుంటవా?"

"ఐతారం గుడికి."

"మెట్‌పల్లి గుడికా! గౌను తొడుక్కొనా! అందరూ..."

"మూతులు తిప్పెటోళ్ళు తిప్పనీ. ముందటి బల్ల మీదనే కూసుంట. ఎన్క కూసున్నోళ్ళకు నడుము కాడ కుచ్చిళ్ళు కనబడాలె."

"మరి నీ మట్టికి?"

"గా డబ్బల ముక్కలున్నయన్నవ్ గద. తెల్ల బొంత కుట్టి పెట్టు. పండుకున్నోళ్ళకు బొంతే మంచిగుంటది. గప్పుడు నేను సూస్తనా ఏమన్ననా? బతికుండంగ తొడుక్కోవాలెనని గింత ముసల్దాన్నయినంక సోయికొచ్చింది నాకు."

"అమ్మమ్మా... అయితే నా పెండ్లికి?"

"నీకు పాతదే కావాలంటివి గద బిడ్డా, సోమారం వరకు పాతదైతది. కుట్లు మల్ల బిగించి ఇస్తది నా మనుమరాలు, నువ్వు సంబురంగ తొడుక్కో. అందరు ఇడిసినయి నేను కట్టుకుంట వచ్చిన, నేను ఇడిసింది కూడ ఒక్కరన్న కట్టాలె."